చెయ్యి చూపకుండా తిరిగిన మలుపు

ఆ రోజు ఇన్‌స్పెక్టరు పెట్టుకున్న పనులు పెద్దవేమీ కావు. పొద్దున్నే క్షవరం చేయించుకోవాలి. వచ్చేటప్పుడు తెగిన చెప్పు కుట్టించుకోవాలి. కొడుకుతో మాట్లాడకుండా ఉండాలి. మూడోది కొన్ని రోజులుగా సాగుతున్నదే కనుక దానికి కొత్తగా శ్రమపడక్కర్లేదు.

ఆయన రిటైరైన బ్రేకు ఇన్‌స్పెక్టరు. బళ్ళకు బ్రేకులు పడుతున్నాయో లేదో చూడటం, నడిపేవాళ్ళకు పరీక్ష పెట్టి లైసెన్సు ఇవ్వడం ఆయన ఉద్యోగం. ఇవ్వడం అనేది మాటవరసకి. ఊళ్ళో సగంమందికి ఆయన ఇవ్వలేదు. మలుపు దగ్గర చెయ్యి చూపించకపోతే ఫెయిలు. ఆలస్యంగా చూపించినా ఫెయిలే. కన్నకొడుకునే రెండుసార్లు ఫెయిలు చేశాడు. ఆ కొడుకు తర్వాత మోటారుసైకిలు పందేల్లో దేశాలు తిరిగి కప్పులు తెచ్చాడు. వాటిని చూసి ఎవరైనా మెచ్చుకోబోతే, "పందెంలో చెయ్యి చూపించక్కర్లేదుగా" అనేవాడు తండ్రి.

అలాంటి కొడుకు ఇప్పుడు గెలిచే టీమును వదిలేశాడు. ఊరి చివర బళ్ళ ఫ్యాక్టరీ సొంతంగా నడుపుకుంటున్న టీములో చేరుతున్నాడు. ఆ టీము బండి రెండేళ్ళుగా ఒక్క పందెమూ చివరిదాకా పరిగెత్తిన పాపాన పోలేదు. ఒకసారి పొగ వచ్చింది. ఒకసారి మంట వచ్చింది. ఒకసారైతే ముందు చక్రం బండిని వదిలేసి తన దారిన తాను పోయింది. ఈ ఏడు కూడా ఇంతే అయితే టీమును మూసేస్తారట. పాత టీములో కొడుకు చోటుకు అప్పుడే ఇంకొకణ్ణి తీసుకున్నారు. వెనక్కి పోయే దారి లేదు. ఈ సంగతులన్నీ తండ్రికి పేపరు చూస్తేనే తెలిశాయి.

"చెయ్యి చూపించకుండా మలుపు తిరగడం వీడికి మొదట్నుంచీ ఉన్నదే," అన్నాడు కోడలితో. ఆనాటినుంచి తండ్రీ కొడుకులకు మాటలు బందు.

అసలు ఆ ఫ్యాక్టరీ పేరెత్తితేనే ఆయనకు ఒళ్ళు మండుతుంది. పెళ్ళైన కొత్తలో అక్కడ తయారైన బండే కొన్నాడు. కొన్ననాటినుంచీ దానికి రెండు రోగాలు. తిప్పిన యాక్సిలేటరు సరిగా వెనక్కి రాదు. తాళం తీసినా ఇంజను ఆగదు. ఫ్యాక్టరీవాళ్ళకు చెప్పి చెప్పి నోరు పడిపోయింది. మా బండికి అలాంటి లోపం ఉండదు పొమ్మన్నారు. బ్రేకు ఇన్‌స్పెక్టరు బండి ఆగదని ఊళ్ళో తెలిస్తే ఇంకేమన్నా ఉందా? అందుకని క్లచ్ నొక్కి పెరట్లోకి తెచ్చి, ముందు చక్రాన్ని గోడకు ఆనించి, గేరులో ఉండగానే క్లచ్ వదిలేసేవాడు. అప్పుడు చచ్చినట్టు ఆగేది. గోడ పెచ్చులూడకుండా భార్య గోనెసంచి అడ్డం పట్టుకుని నిలబడేది. ఈ గుట్టు ఆవిడకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పకుండానే పోయింది. సంచి పట్టే మనిషి లేక బండి టార్పాలిన్ పట్టా కిందికి చేరింది. ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు తీసి, కిక్కు కొట్టి, గోడకు ఆపి, మళ్ళీ కప్పెడతాడు.

ఆ పొద్దున కొడుకు ఫ్యాక్టరీకి వెళ్ళి విలేకరుల ఎదుట సంతకం చెయ్యాలి. తీసుకెళ్ళడానికి రావలసిన ఫ్యాక్టరీ కారు దారిలో ఆగిపోయింది. కొడుకు తన బండి బయటికి తీశాడు. అది పాత టీమువాళ్ళు ఇచ్చినది. ఇంతలో ఫ్యాక్టరీ మేనేజరు ఫోను.

"సార్, ఆ బండి మీద మాత్రం రాకండి. వేరే కంపెనీ బండి మా గేటు దాటకూడదు. విలేకరులంతా గేటు దగ్గరే కాచుకుని ఉన్నారు."

"టాక్సీలో వస్తాను."

"బళ్ళ ఫ్యాక్టరీకి టాక్సీలో వస్తే మా మొహం ఎక్కడ పెట్టుకోవాలి సార్? మా బండి మీద రండి. ఎంత పాతదైనా పర్లేదు. పాతదైతే మరీ మంచిది!"

కోడలు పట్టా వైపు చూసింది. "మావయ్యగారి బండి ఉందిగా."

"నా బండి ఎవడికీ ఇవ్వను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఇవ్వొద్దు మావయ్యగారూ. మీరే దింపి రండి."

కుదరదని చెప్పబోయాడు. మరుక్షణం ఇంకో ఆలోచన వచ్చింది. ఆ మేనేజరుగాణ్ణి మొహం మీదే నాలుగూ అడిగి, కొడుకుని వెనక్కి లాక్కురావచ్చు. లోపలికెళ్ళి తన పాత ఖాకీ చొక్కా తొడుక్కుని వచ్చాడు.

"తోలేది నేను. వెనక కూర్చో. కాళ్ళు మెట్ల మీద పెట్టు. మాట్లాడకు."

దేశాలు తిరిగి గెలిచిన రేసరు తండ్రి వెనక ఒదిగి కూర్చున్నాడు. కూరలబండి వాళ్ళని దాటిపోయింది. సైకిలు మీద ఒక ముసలమ్మ దాటిపోయి, వెనక్కి తిరిగి జాలిగా చూసింది. ఇన్‌స్పెక్టరు ప్రతి మలుపుకీ వంద గజాల ముందే చెయ్యి చాచాడు.

"గెలిచే చోటు వదిలి మునిగే పడవ ఎక్కేవాణ్ణి నిన్నే చూస్తున్నా. కోరి కొరివితో తల గోక్కోవడమంటే ఇదే."

"నాన్నా, అది కాదు..."

"మాట్లాడొద్దన్నానా!"

"మీరు మాట్లాడుతున్నారుగా."

"నిన్ను మాట్లాడొద్దన్నా. నన్ను కాదు."

ఫ్యాక్టరీ రోడ్డు మొదట్లో టప్పుమని చప్పుడైంది. క్లచ్ తీగ తెగింది. ఆ బండిని ఆపడానికి ఆయనకున్న ఉపాయమంతా ఆ తీగలోనే ఉంది.

"ఏం తెగింది నాన్నా?"

"ఏం తెగలేదు."

"క్లచ్ వేలాడుతోంది. తాళం తీసెయ్యండి."

ఆయన తాళం తీసి వెనక్కి అందించాడు. ఇంజను గుర్రుమంటూనే ఉంది. కొడుకు అరచేతిలో తాళాన్నీ, కింద బండినీ మార్చి మార్చి చూశాడు.

"నాన్నా, తాళం నా చేతిలో ఉంది."

"ఉంటే ఉండనీ. పారేసుకోకు."

"బ్రేకు తొక్కండి!"

తొక్కాడు. ఇన్నేళ్ళూ గోడే బ్రేకు కావడంతో అసలు బ్రేకు తన పని మరిచిపోయినట్టుంది. కీచుమని ఊరుకుంది.

"పోనీ, న్యూట్రల్లోకి తన్నండి!"

"రెండుసార్లు ఫెయిలైనవాడు నాకు నేర్పుతాడా!"

తన్నలేదు. తన్నివుంటే అక్కడితో అయిపోయేది.

గేటు దగ్గర వాచ్‌మనుకు మేనేజరు ముందే గట్టిగా చెప్పి ఉంచాడు. మన పాత బండి వస్తుంది, రెండు తలుపులూ తెరువు, ఆపావంటే నీ ఉద్యోగం ఆపేస్తా అని. వాచ్‌మన్ తలుపులు బార్లా తెరిచి సెల్యూట్ కొట్టాడు. "ఆపవయ్యా! ఎవరైనా పట్టుకుని ఆపండయ్యా!" అని ఇన్‌స్పెక్టరు అరుస్తూ దూసుకుపోయాడు. ఇది తనకు పెట్టిన పరీక్ష అనుకున్నాడు వాచ్‌మన్. ఆపలేదు.

మేనేజరు మైకు అందుకున్నాడు. "చూడండి! ముప్పై ఏళ్ళ కిందటి మా బండి! ఈనాటికీ ఆగకుండా నడుస్తోంది!"

విలేకరులు చప్పట్లు కొట్టారు. ఇన్‌స్పెక్టరు ఎడమవైపు చెయ్యి చాచి, పద్ధతిగా మలుపు తిరిగి, బళ్ళు బిగించే షెడ్డులోకి దూరాడు. లోపల పనివాళ్ళలో ఆయన చేత ఫెయిలు కానివాడు లేడు. ఖాకీ చొక్కా కనపడగానే అందరి గుండెలూ జారిపోయాయి. సర్కారు తనిఖీ అన్నాడొకడు. సూపర్‌వైజరు ఉన్నపళంగా మిషన్లు ఆపించాడు. సరిగా బిగించని బళ్ళను దాచడానికి కొందరు, దాక్కోవడానికి కొందరు బిలబిలమని బయటికి పరిగెత్తారు.

అది చూసి మేనేజరుకు పిచ్చెత్తింది. "ఈ రోజే చూసుకుని సమ్మె చేస్తారా? నేను సహించను!" అన్నాడు. చేతిలో మైకు ఉన్న సంగతి మరిచిపోయాడు. అంతవరకూ సమ్మె ఆలోచన ఎవరికీ లేదు. ఇప్పుడు వచ్చింది. మేనేజరు అంతలేసి మాటలంటున్నాడంటే ఏదో కారణం ఉండే ఉంటుందని, అందరూ ఎండలోనే చతికిలబడ్డారు.

ఈలోగా బండి షెడ్డు రెండో గుమ్మంలోంచి బయటపడి, సంతకాల కోసం వేసిన వేదిక వైపు తిరిగింది. వేదిక ముందు పట్టుగుడ్డ కప్పిన కొత్త రేసు బండి ఉంది. కొడుకు ఇక ఆగలేదు. వెనకనుంచే కాలు చాచి, తండ్రి కాలిని పక్కకు నెట్టి, గేరును న్యూట్రల్లోకి తన్నాడు. బండి నెమ్మదించింది గానీ ఆగలేదు. దూడ తల్లిని పొడిచినట్టు వెళ్ళి కొత్త బండిని మెత్తగా పొడిచింది. కొత్త బండి పక్కకు ఒరిగి పడింది. పట్టుగుడ్డ జారింది.

బండిలో ఇంజను లేదు. ఇంజను ఉండవలసిన చోట వెండి రంగు పూసిన చెక్కమొద్దు ఉంది.

పాత బండి ఒక్కటే వాగుతోంది.

"ఇంజను తయారవుతోంది," అన్నాడు మేనేజరు విలేకరులతో. "ఇది ఊరికే చూడ్డానికి." ఆ వెంటనే ఇన్‌స్పెక్టరు మీద పడ్డాడు. "అంతా నీ వల్లే! ఆ పాత టీమువాళ్ళే నిన్ను పంపించుంటారు! ఒప్పందం లేదు, గిప్పందం లేదు. నీ కొడుకుని తీసుకుని నడువ్!"

ఇన్ని రోజులుగా ఇన్‌స్పెక్టరు కోరుకున్నది సరిగ్గా ఈ మాటే. కొడుకుని తీసుకుని నడిస్తే సరిపోయేది. కానీ ఆ మాట పరాయివాడి నోట వినేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"లేదా? లేదనడానికి నువ్వెవడివిరా? వాణ్ణి ఫెయిలు చేస్తే నేను చెయ్యాలి! చెక్కముక్కకు రంగేసి గుడ్డ కప్పేవాడివి, నువ్వు చేస్తావా? ఆ కొండదారి పందెంలో జోరున వాన. అందరూ జారి పడుతుంటే మోకాలు నేలకు రాసుకుంటూ ఒక్కడు నిలబడ్డాడు. ఎవడనుకున్నావ్? కిందటేడు విరిగిన మణికట్టుకి గుడ్డ చుట్టుకుని రెండో స్థానం తెచ్చాడు. ఎవడు? చెప్పరా!"

కొడుకు నిర్ఘాంతపోయాడు. "నాన్నా, అవన్నీ చూశారా?"

"నోర్ముయ్. నీతో మాట్లాడటం లేదు." మళ్ళీ మేనేజరు వైపు తిరిగాడు. "నా కొడుక్కి ఇంజనున్న బండి ఇచ్చేదాకా ఇక్కణ్ణుంచి కదలను!" వేదిక మెట్టు మీద కూర్చున్నాడు.

ఎందుకు కూర్చున్నారో తెలియక అవస్థపడుతున్న పనివాళ్ళకు కారణం దొరికింది. "ఇంజను కావాలి!" అని అందుకున్నారు. విలేకరులు ఫొటోలు తీశారు. అంతమంది ముందు మేనేజరు కుడితిలో పడ్డ ఎలుకయ్యాడు. ఇంజను రేసరు చెప్పినట్టే తయారుచేస్తామని ఒప్పుకుని, అక్కడికక్కడే సంతకం పెట్టించాడు.

కొడుకు వచ్చి తండ్రి పక్కన మెట్టు మీద కూర్చున్నాడు. "ఇంజను లేదని నాకు ముందే తెలుసు నాన్నా. పాత టీములో వండి వడ్డించినట్టు బండి ఇచ్చి ఎక్కమనేవాళ్ళు. ఇక్కడ నేనే తయారుచేయించుకోవచ్చు."

"చెక్కముక్కని నమ్ముకుని వచ్చావా?"

"ఆగని బండిని మీరు ఇన్నేళ్ళు ఉంచుకోలేదూ?"

"అది వేరు."

"ఏం వేరు?"

ఇన్‌స్పెక్టరు చెప్పు వైపు చూసుకున్నాడు. అది ఇంకా కుట్టించలేదు.

అప్పటికి ఫ్యాక్టరీ ఇంజనీర్లంతా పాత బండి చుట్టూ మూగి, అది ఎలా ఆగుతుందా అని తలలు పట్టుకుంటున్నారు. ఒక విలేకరి ఇన్‌స్పెక్టరు దగ్గరకు వచ్చాడు. "సార్, ఈ బండి మొదట్నుంచీ ఆగదా?" పెట్రోలు అయిపోయాక బండి దానంతట అదే ఆగింది. మర్నాడు పేపర్లో ఒప్పందం సంగతి ఓ మూలన వేశారు. బొమ్మ మాత్రం పెద్దది. కింద 'ఆగని బండి మీద బ్రేకు ఇన్‌స్పెక్టరు' అని రాశారు. భార్య కడుపులో దాచుకుని పోయిన గుట్టు ఊరి నోట్లో పడింది.

ఆ పొద్దున కొడుకు కొత్త క్లచ్ తీగ వేసి, తండ్రి బండి మీదే ఫ్యాక్టరీకి బయల్దేరాడు. తాళం అడగలేదు. దానితో పని లేదని తెలిసిపోయింది.

"సాయంత్రం సందు మొదట్లోనే హారను కొట్టు," అన్నాడు ఇన్‌స్పెక్టరు పేపరు చాటునుంచి. "సంచి పట్టుకుంటా."

కొడుకు వీధి చివర చెయ్యి చాచి మలుపు తిరిగాడు. ఆ వెనకే, ఎన్నడూ ఆ వీధిలోకి రానివాళ్ళు, ఆయన చేత ఫెయిలైనవాళ్ళు, స్కూటర్ల మీదా మోపెడ్ల మీదా వరసగా వచ్చి, ఆయన గుమ్మం వైపే చూస్తూ, నవ్వు ఆపుకుంటూ, చేతులు బారుగా చాచి ఒక్కొక్కరే మలుపు తిరిగారు.

అందరూ ఆలస్యంగానే చూపించారు.