లోపల కూర్చుని పరారీ అయిన ముత్యం

ఈ భూమ్మీద మనిషిని పోగొట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు గాని, పోయిన మనిషి జైల్లో ఉన్నాడో లేడో తెలుసుకోవాలంటే మాత్రం ఆ పోయిన మనిషి అనుమతే కావాలి. ఇది చాలా గొప్ప ఏర్పాటు. మనిషి ఎక్కడున్నా, అతని పరువు మాత్రం భద్రంగా ఉంటుంది.

సాయవ్వకు ఈ ఏర్పాటు గొప్పతనం తెలియదు. పాపం, ఆమె జగిత్యాల పక్క పల్లె నుంచి విజిట్ వీసా మీద ఖతర్ వచ్చిన మనిషి. కొడుకు సురేందర్‌కు అల్ ఖోర్‌లో గ్యాసు కంపెనీ ఉద్యోగం. కోడలు రాణి అక్కడే బడిలో ఆయా. ముసలమ్మ కొడుకును చూడ్డానికి వచ్చిందనే అందరూ అనుకున్నారు. కొడుకును చూడ్డం పది నిమిషాల్లో అయిపోయింది. లావయ్యాడు, బాగున్నాడు. ఆమె ప్రాణమంతా మెసయీద్‌లో లేబర్ క్యాంపులో ఉండే తమ్ముడు ముత్యం మీద ఉంది. తల్లి పోయాక చంకనెత్తుకుని పెంచిన తమ్ముడు. ఊరికొచ్చి ఎన్ని ఏండ్లయిందో లెక్క పెట్టడం ఇంట్లోవాళ్లు మానేశారు.

"వదినే, దుబాయ్ ఎంతుంటది, మన మండలమంత ఉంటదా? ఒక్కపారి కండ్లార జూసి, ఎట్లున్నడో నాకు జెప్పు" అంది ముత్యం భార్య, ఊళ్లో బస్సెక్కించేటప్పుడు. (ఆమె లెక్కలో గల్ఫ్ అంతా దుబాయే. విమానం ఎక్కడ దిగినా దుబాయ్‌లోనే దిగుతుంది.) సాయవ్వ మాట ఇచ్చింది. విమానం దిగింది. దిగిన నాటి నుంచి ముత్యం ఫోను ఎత్తడం లేదు. తిరుగు టికెట్ శనివారానికుంది.

క్యాంపులో ముత్యం గదిలోనే ఉండే కోరుట్ల సమద్‌కు ఫోన్ చేశారు.

"సమదూ, మా ముత్యం ఏడి?"

"ఆయన ఫోను నీళ్లల్ల పడ్డదక్కా."

"ఫోను సంగతి గాదు, మనిషేడని అడుగుతున్న."

"మనిషి మంచిగనే ఉన్నడు. ఫోనే మంచిగ లేదు."

మర్నాడు అడిగితే ముత్యం సైటు మారాడన్నాడు. ఆ మర్నాడు, నెట్‌వర్క్ లేని కాడ పని పడ్డదన్నాడు. ఫోను పెట్టేసి సాయవ్వ తాపీగా చెప్పింది:

"సురేందరూ, మీ మామను పోలీసోళ్లు పట్టుకపోయిండ్రు."

"నీకెవలు జెప్పిండ్రే అమ్మా?"

"ఎవలూ జెప్పలే. అందుకే ఎర్కైంది."

ఇక్కడ పాఠకులకు ఒక మాట. క్యాంపు గదుల్లో రాయని చట్టం ఒకటుంది: ఇంటివాళ్లకు చెడ్డ కబురు చెప్పరాదు. ఆ చెప్పకపోవడానికీ మెట్లున్నాయి. ఫోను నీళ్లలో పడితే మనిషికి జ్వరం. సైటు మారితే ఆసుపత్రి. నెట్‌వర్క్ లేని చోటికి పోయాడంటే లోపలికి పోయినట్టు. (ఎడారిలో ఒంటె దగ్గర నిలబడినా వీడియో కాల్ వచ్చే దేశమిది.) ఈ చట్టం ఈనాటిది కాదు. సాయవ్వ పెనిమిటి మస్కట్‌లో పనిచేసిన రోజుల్లో ఫోన్లే లేవు. అప్పుడు ఆయన స్నేహితులు, "మీ ఆయనకు పోస్టు డబ్బా దూరమైంది" అని రాసేవాళ్లు. ఆ దూరం రెండు నెలలకు దగ్గరైంది. ఆయన జైల్లో కొట్టిన గుండుతో ఇల్లు చేరాడు.

సురేందర్ చదువుకున్నవాడు గనక యాప్ తీశాడు. దాని పేరు 'వేన్'. అరబ్బీలో 'ఎక్కడ' అని అర్థం. చాలా నిజాయితీ గల పేరు. అది ప్రశ్న మాత్రమే వేస్తుంది. పాత వీసా కాపీలోంచి ముత్యం ఐడీ నంబరు చూసి కొట్టాడు. యాప్ కాసేపు తిరిగి, సదరు వ్యక్తి గోప్యత దృష్ట్యా సదరు వ్యక్తి ఫోనుకే ఒక కోడ్ పంపామనీ, దాన్ని ఇక్కడ నమోదు చేయాలనీ సెలవిచ్చింది.

"ఏమంటున్నదిరా?"

"మామ ఫోనుకు నంబరచ్చిందట, అది చెప్పాల్నట."

"మరి మామనడుగు."

"మామ ఏడున్నడో తెలిస్తే ఇదెందుకే?"

"గంతే గద. నేను ఊళ్లె ఉండంగనే గిదంత నోటితోని అడిగిన. దీనికి కరెంటు దండుగ."

సురేందర్ మళ్లీ కొట్టాడు, మళ్లీ కొట్టాడు. చివరికి యాప్‌కు జాలేసింది. పదే పదే వెతకడం వల్ల సదరు వ్యక్తి మనశ్శాంతికి భంగం కలగవచ్చని హెచ్చరించి మూతబడింది.

సురేందర్‌కు ఆ తర్వాత డ్యూటీ పడింది. అత్తాకోడళ్లు బస్సులు మారి అల్ ఘర్రాఫాలో ఉన్న 'ఆచూకీ సమన్వయ కేంద్రం' చేరుకున్నారు. చల్లని హాలు, మెత్తని కుర్చీలు. గుమ్మంలో టోకెన్ యంత్రం. దానికి రెండు మీటలు. 'మీరు ఒకరిని వెతుకుతున్నారా?' అనేది మొదటిది. 'మిమ్మల్ని ఎవరైనా వెతుకుతున్నారా?' అనేది రెండోది. రాణి మొదటిది నొక్కింది. వచ్చిన నంబరు ముందు ఆడవాళ్లు, అన్నదమ్ములు, ఒక పెళ్లికొడుకు తరఫు బంధువులు కూర్చుని ఉన్నారు. సాయవ్వకు చదువు రాదు గనక జనం నొక్కని మీట చూసి నొక్కింది. వెంటనే పిలుపొచ్చింది.

కిటికీలో కూర్చున్నది హైదరాబాదు మొహియుద్దీన్. తర్జుమా చేయడం అతని పని. అతను లేచి నిలబడ్డాడు. ఆ కిటికీకి ఇంతవరకూ ఎవరూ రాలేదట.

"అమ్మా, తప్పిపోయినామె మీరేనా?"

"ఈ దేశం అచ్చినంక తప్పిపోయినట్టే ఉన్నది బిడ్డా."

"ముబారక్. మీరు దొరికిండ్రు." అతను ముద్ర కొట్టి కాగితం చేతికిచ్చాడు. "ఇంకేమన్న కావాల్నా?"

"నా తమ్ముడు గావాలె."

అది వేరే కిటికీ పని. కానీ దొరికిన మనిషి మొదటి కోరిక కాదనకూడదని అతనికి అనిపించింది కాబోలు, పేరు కొట్టి చూశాడు. చూసి మొహం వెలిగించాడు.

"ఖుష్ ఖబర్ అమ్మా. మీ తమ్ముడు లోపల లేడు. పరారీల ఉన్నడు. కంపెనీవాళ్లు రాసిచ్చిండ్రు."

"పరారీ అంటే?"

"పారిపోయిండు. బయట ఎక్కడనో హాయిగ తిరుగుతున్నడు."

సాయవ్వ నమ్మలేదు. "వానికి తొవ్వ తెల్వది బిడ్డా. బస్సెక్కాల్నన్నా సమదు ఎక్కియ్యాలె. గసోంటోడు పారిపోవాల్నంటే పక్కన ఒక మనిషిని పెట్టాలె. వేరే పుస్తకం సూడు."

"వేరే పుస్తకం చూడాల్నంటే ఆయన లోపల ఉన్నడని రుజువు కావాలె అమ్మా."

"రుజువుంటే నిన్నెందుకు అడుగుత?"

మొహియుద్దీన్ ఈ ప్రశ్నను గౌరవంగా విన్నాడు. తర్వాత "బుక్రా" అన్నాడు. అంటే రేపు. (ఏ రేపో చెప్పే అధికారం ఆ కిటికీకి లేదు.)

రేపటి కోసం కూర్చునే తీరిక సాయవ్వకు లేదు. రాణిని లేవదీసి మెసయీద్ క్యాంపుకు పోయింది. ముత్యం మంచం మీద కాళ్లు ముడుచుకుని కూర్చుని సమద్‌ను ఎదురుగా నిలబెట్టింది.

"ఇప్పుడు జెప్పు. నెట్‌వర్క్ లేని కాడ ఏం బువ్వ పెడుతున్నరు వానికి?"

సమద్ నేల చూపులు చూశాడు. "శుక్రవారం కొత్తిమీర తేనికి పోయిండక్కా. తొవ్వల పోలీసోళ్లు ఆపి ఐడీ కార్డు అడిగిండ్రట. కార్డు తారీకు దాటింది. తీస్కపోయిండ్రు. నీకు చెప్తే బెంగటిల్లుతవని..."

"కొత్తిమీర అచ్చిందా?"

"రాలేదక్కా. అందుకే మాకు తెల్సింది."

క్యాంపు ఆఫీసులో హాజరు చూసేది కడప రామాంజులు. అతను చాలా న్యాయంగా మాట్లాడే మనిషి.

"చూడు మ్మా, కార్డు మార్చేదానికి కాగితాలు మేమే పెట్టినాం. అంతా రెడీ. ఆయప్ప వచ్చి వేలిముద్ర ఒక్కటి వేస్తే పంపిచ్చేస్తాం."

"లోపలున్నోడు ఎట్లస్తడయ్యా వేలిముద్రకు?"

"రాలేదు గదా, అందుకే పరారీ అని రాసినాం."

"వాడు లోపలున్నడని మీకు తెల్సా?"

"తెలుసు మ్మా. నేను మనిషిగా చెప్తే తెలుసు. కంపెనీగా చెప్తే తెలీదు. డ్యూటీకి ఎందుకు రాలేదని రాసే గడి మా దాంట్లో లేదు."

ముత్యం లోపలున్నాడు, ఎందుకంటే కొత్త కార్డు లేదు. కార్డు లేదు, ఎందుకంటే వేలిముద్రకు రాలేదు. రాలేదు గనక పరారీ. పరారీ గనక ఒక శాఖవాళ్లు అతని కోసం బయట ఎండలో గాలిస్తుంటే, మరో శాఖవాళ్లు లోపల ఏసీలో అతనికి పూటపూటకూ అన్నం పెడుతున్నారు. ఇద్దరూ శ్రద్ధగానే పనిచేస్తున్నారు. ఇందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

సమద్‌ను వెంటబెట్టుకుని వెళ్తే మొహియుద్దీన్ ఈసారి రెండో పుస్తకం తీశాడు. కొత్తిమీర సంగతి విన్నాక రుజువు సరిపోయిందన్నాడు. ముత్యం ఉన్నాడు, కార్డు లేనివాళ్ల గదిలో. సాయవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

"ఇడిసిపెట్టుమను బిడ్డా."

"విడవాల్నంటే కంపెనీ సంతకం కావాలె అమ్మా."

కంపెనీని అడిగితే, పరారీ మనిషి పట్టుబడిందాకా సంతకం పెట్టరాదన్నారు. పరారీ శాఖను అడిగితే, ఈ క్షణం పట్టుకోవడానికి మేం సిద్ధమే, కానీ పరారీ మనిషిని బహిరంగ ప్రదేశంలోనే పట్టుకోవాలని నియమం, ఈయన గదిలోంచి బయటికి రావడం లేదు అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు వాళ్ల గొంతులో కొంచెం నిష్ఠూరం కూడా ఉంది.

"ములాఖత్‌కన్న ఇయ్యుండ్రి. శనివారం విమానమెక్కుత. ఒక్కపారి మొకం సూసి పోత" అంది సాయవ్వ.

"ములాఖత్‌కు ఆయన ఒప్పుకున్నట్టు కోడ్..." అని మొహియుద్దీన్ మొదలుపెట్టి, ముసలమ్మ మొహం చూసి ఆపేశాడు. ఫైలు చంకలో పెట్టుకుని పైఅంతస్తుకు పోయాడు.

పైన పెద్దసారు టీ తాగుతూ మొత్తం విన్నాడట. అలాంటివాళ్లు ఉండబట్టే ప్రపంచంలో ఆఫీసులు నడుస్తున్నాయి. ఆయన తీర్పు ఇదీ: గురువారం పొద్దున ముత్యాన్ని జైలు గేటు బయటికి వదలాలి. గేటు ముందు పసుపు గీత దాటితే బహిరంగ ప్రదేశం. గీతకు అవతల పరారీ శాఖవాళ్లు పట్టుకోవాలి. పట్టుబడ్డాడు గనక ఫిర్యాదు మూసేయాలి, కంపెనీ సంతకం పెట్టాలి, వేలిముద్ర వేయించాలి, తర్వాతి వారం విడవాలి.

"తర్వాతి వారం నేనుండ గద" అంది సాయవ్వ.

"లోపల చూడనీకి మీకు పర్మిషన్ లేదమ్మా" అన్నాడు మొహియుద్దీన్ కిటికీలోంచి వంగి, గొంతు తగ్గించి. "కానీ రోడ్డు మీద నిలబడనీకి ఎవరి పర్మిషన్ అక్కర్లేదు."

గురువారం పొద్దున గోడ నీడలో రాణి, సాయవ్వ, సమద్ నిలబడ్డారు. గీత అవతల తెల్ల బండి, దాని పక్కన ఇద్దరు ఉద్యోగులు, వాళ్ల పక్కన ఫైలుతో మొహియుద్దీన్. గేటు తెరుచుకుంది. గళ్ల లుంగీ, గుండీలు తప్పిన చొక్కాతో ముత్యం బయటికొచ్చి ఎండకు కళ్లు చిట్లించాడు.

"అక్కా? నువ్వెప్పుడచ్చినవే?"

"నువ్వు కొత్తిమీరకు పోయినంక."

ముత్యం కాళ్లకు మొక్కడానికి వంగాడు. ఉద్యోగులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగారు. వంగి ఉన్న మనిషిని పట్టుకునే పద్ధతి నియమావళిలో లేదు, పైగా అతనింకా గీత ఇవతలే ఉన్నాడు.

"లేవురా. ఎంత బక్కగైనవ్. మీసాలు దెల్లవడ్డయి."

"లోపల సలి అక్కా. అన్నం మంచిగనే పెడుతున్నరు."

"కార్డు మీద తారీకు సూస్కోవద్దారా?"

"నాకు సదువత్తదా?"

"నాకత్తదా? అయినా నువ్వేడున్నవో నేను సదువుకోలేదా?" సాయవ్వ అతని గుండీలు విప్పి మళ్లీ వరసగా పెట్టింది. "నీ పెండ్లాం అడిగితే ఏం జెప్పాలె?"

"మంచిగున్నడని జెప్పు." ముత్యం బండి వైపు చూశాడు. "వాళ్లెవలక్కా?"

"నిన్ను పట్టుకునేటోళ్లు."

"నేను దొరికే ఉన్న గద?"

"అది వాళ్లకు ఇంక తెల్వది."

ఉద్యోగుల్లో పెద్దాయన గడియారం చూసుకుని, "యల్లా" అన్నాడు మెల్లగా, ఇక కానివ్వండన్నట్టు. మొహియుద్దీన్ దగ్గి, "అమ్మా, ఆయన గీత దాటాలె. ఇంకొన్ని అడుగులే" అన్నాడు.

సాయవ్వ తమ్ముడి చేయి పట్టుకుంది. ఆ పొద్దు ఆమెకు మోకాళ్ల నొప్పి మామూలు కంటే చాలా ఎక్కువగా ఉంది. అడుగుకో మాట చెప్పింది. ఊళ్లో ఎవరింట్లో ఎవరు పుట్టారు, ఎవరు పోయారు, ఏ ఆవు ఈనింది, అన్నీ. ఎండలో ఎవరూ తొందరపెట్టలేదు. గీత దాటాక ఆ ఇద్దరూ చెరో భుజం మీద చేయి వేశారు. ముత్యం బండెక్కి కిటికీలోంచి చేయి ఊపాడు.

బండి కదిలాక మొహియుద్దీన్ ఫైల్లో రాసినదాన్ని తెలుగులో చదివి వినిపించాడు, ఆమె హక్కు అది:

"పరారీలో ఉన్న ముత్యం ఈరోజు బహిరంగ ప్రదేశంలో పట్టుబడ్డాడు. పట్టుకునే సమయంలో అక్క చేయి పట్టుకుని అధికారుల వైపే నడుస్తున్నాడు. పారిపోయే ప్రయత్నమేదీ చేయలేదు. ఎందుకు చేయలేదన్నది దర్యాప్తులో ఉంది."