ఆసన పూరకుల నియామకం

చక్రాన్ని కనిపెట్టిన మనిషి ఎవరో చరిత్రకు తెలియదు. ఆ చక్రం మీద ఆఫీసుకు రావడానికి ముందుగా నింపాల్సిన ఫారాన్ని కనిపెట్టింది మాత్రం మా విశ్వవిద్యాలయమే. (పేరు చెప్పను. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంటుని, ఇంకా ఆరేళ్ల సర్వీసుంది.)

మా క్యాంపస్ భద్రాచలం నుంచి చర్ల పోయే రోడ్డు మీద, అడవి అంచున ఉంటుంది. సిబ్బంది రాకపోకల కష్టాలు తీర్చడానికి 'ప్రయాణ సౌలభ్య విభాగం' అని ఒకటి వెలిసింది. దాని ఆఫీసు ఖమ్మంలో ఉంది. సంచాలకులు డాక్టర్ కిషన్‌లాల్ గారికి రోజూ ఇంత దూరం రావడం కష్టం కదా.

విభాగం వారు మొదట ఒక యాప్ తెచ్చారు. ఎవరు దేని మీద వస్తారో అందులో చెప్పాలి. నేను క్వార్టర్స్‌లో ఉంటాను, గేటు దాకా రెండు వందల అడుగులు, కాబట్టి 'నడక' నొక్కాను. పెట్రోలు బిల్లు జతచేయమంది. నెల రోజులు తిప్పలు పడి చివరికి తల్లాడలో ఉన్న మా బావమరిది బండి బిల్లు పెట్టాను. ఆ నెల ఉత్తమ పాదచారిగా నాకు ప్రశంసాపత్రం వచ్చింది. మ్యాపులో గోదావరి కనిపించింది కాబట్టి 'పడవ' కూడా పెట్టారు. లైబ్రరీ వీరన్న వేలు జారి అది నొక్కాడు. అప్పట్నుంచి లైఫ్ జాకెట్ తొడుక్కుని సైకిల్ మీద వస్తున్నాడు. తొడుక్కోకపోతే యాప్ హాజరు వేయదు.

ఇవన్నీ నవ్వుకోవడానికి బాగానే ఉన్నాయి గాని, బాటనీ ల్యాబ్‌లో పనిచేసే ఉషారాణికి నవ్వు రాలేదు. పదకొండేళ్లుగా కాంట్రాక్టు మీదే ఉంది. ఏ సీసా ఏ బీరువాలో ఉందో ప్రొఫెసర్లు కూడా ఆమెనే అడుగుతారు. ఈ ఏడు కొత్త నిబంధన వచ్చింది. వరసగా ముప్ఫై పనిదినాలు తొమ్మిదిన్నర లోపు వేలిముద్ర పడితేనే కాంట్రాక్టు పొడిగింపు. ఒక్క రోజు తప్పినా ఉద్యోగం పోయినట్టే.

ఆమె వచ్చేది భద్రాచలం నుంచి గోప్యా నడిపే ఏడు సీట్ల ఆటోలో. ఏడు సీట్ల ఆటో అంటే పన్నెండు మంది ఎక్కేది. (లెక్కలు రానివాళ్లకు మా ప్రాంతంలో ప్రయాణం కష్టం.) దానికి టైమంటూ ఉండదు. నిండితే టైమైనట్టు.

"ఏంది గోప్యన్నా, ఇంకెంతసేపు?" అని ఆమె అడిగేది.

"ఇగ పోదాం చెల్లె. ఇద్దరు తక్కువున్నరు. నిండితేనే కదులుతది."

ఉషారాణి విభాగానికి అర్జీ పెట్టుకుంది. ముగ్గురు సభ్యుల సంఘం వైరాలో భోంచేసి, సొంత కార్లో వచ్చి విచారించింది. క్యాంపస్ బస్సు వేస్తారని అందరం ఆశపడ్డాం. బస్సు అనేది వాహనం కాబట్టి అది వాహనాల విభాగం పరిధిలోకి వస్తుందట. సంఘం తేల్చింది ఇదీ: ఆలస్యానికి కారణం ఆటో కాదు, రాని ప్రయాణికులు. కావున వారిని నియమించాలి.

అలా పుట్టింది 'ఆసన పూరకుడు' అనే పోస్టు. ఖాళీ సీట్లో కూర్చుని ఆటోను కదిలించడం, సాయంత్రం అదే ఆటోలో తిరిగి కూర్చోవడం విధులు. చీపుర్లు అమ్ముకునే ముత్తక్క కూడా ఇంటర్వ్యూకు వచ్చింది.

"కూర్చున్న అనుభవం ఎన్నేళ్లు?" అని అడిగారు సంచాలకులు, వీడియోలో.

"పుట్టినకాడ్నుంచి కూసుంటనే ఉన్న సారూ."

మొదటి ర్యాంకు ఆమెదే. మొత్తం పదకొండు మందిని తీసుకున్నారు. ఉషారాణితో పన్నెండు. మర్నాటి నుంచి ఆటో ఎనిమిదింబావుకల్లా కదిలింది. అబద్ధమెందుకు, నాకూ సంతోషమేసింది. తర్వాత పూరకులు సంఘం పెట్టుకుని, తాము ఆటో స్టాండు దాకా ఎక్కి వచ్చే ఆటోలు కూడా నిండడం లేదని మొరపెట్టుకున్నారు. వాటికి ఉప ఆసన పూరకులను మంజూరు చేశారు.

ఉషారాణి ముప్ఫై రోజుల లెక్క మొదలై, ఇరవై తొమ్మిది రోజులు సాఫీగా గడిచాయి. ఆ సాయంత్రం డాక్టర్ కిషన్‌లాల్ గారికి ముందుచూపు కలిగింది. ఏదో ఒకరోజు ఉషారాణి సెలవు పెడితే ఆటో ఒక మనిషి తక్కువై ఆగిపోదా? ఉషారాణి శ్రేయస్సు కోరి పన్నెండో పూరకుణ్ణి కూడా నియమించారు. ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. ఒక్క క్షణం చెయ్యి ఆగింది, కాని మధ్యలో ఆగితే మార్జిన్ చెదిరిపోతుంది.

ముప్ఫయ్యో రోజు ఉదయం ఉషారాణి వచ్చేసరికి ఆటో నిండి ఉంది. స్టాండులో వేరే ఆటో లేదు. ముత్తక్క చూసి కిందికి దూకింది.

"నువ్వెక్కు బిడ్డా. నాకేంది, ఒక పూట కూసోకపోతే సస్తనా!"

ఉషారాణి ఎక్కింది. ఆటో మాత్రం కదల్లేదు. గోప్యా ఫోన్‌లో విభాగం వారు పెట్టించిన పూరకుల హాజరు యాప్ ఎర్రగా వెలుగుతోంది.

"అన్నా, పన్నెండు మందిమున్నం గద! లెక్కపెట్టు!"

"మనుషులు నిండిన్రు చెల్లె, యాప్ నిండలే. పచ్చగైతేనే పొమ్మన్నరు."

ఖమ్మానికి ఫోన్ చేశారు. ఉద్యోగి లబ్ధిదారే తప్ప ప్రయాణికుడు కాదని, పూరకులు పన్నెండు మందీ ఉంటేనే నిండినట్టని సమాధానం వచ్చింది. ఎనిమిది నలభై అయింది. ఉషారాణి కళ్లలో నీళ్లు తిరిగాయి. ముత్తక్క ఇక ఆగలేదు. తన సీట్లో తాను ఎక్కి కూర్చుని, రెక్క పట్టుకుని ఆమెను ఒళ్లోకి లాక్కుంది.

"నిన్ను మోసుకపోతె ఏ యాపు అడ్డమొస్తదో సూస్త. పోనియ్ గోప్యా!"

యాప్ పచ్చబడింది. ఆ రోజు గోప్యా ఆటో నడపలేదు, ఎగరేశాడు. గుంత వచ్చినప్పుడల్లా పన్నెండు మంది పూరకులూ చెట్టంత ఆడమనిషిని పైకి ఎగరకుండా పట్టుకున్నారు. క్యాంపస్ గేటు దగ్గర "జరుగుండ్రి, జరుగుండ్రి!" అని అరుస్తూ దారి చేశారు. తొమ్మిదీ ఇరవై తొమ్మిదికి వేలిముద్ర పడింది. పూరకులు ఈలలు వేశారు. నేను కిటికీలోంచి చప్పట్లు కొట్టాను.

వారానికి ఖమ్మం నుంచి ఉత్తర్వు వచ్చింది. 'ముప్ఫయ్యో రోజున సదరు ఆటోలో పన్నెండు సీట్లలో పన్నెండు మంది పూరకులు వచ్చినట్లు రుజువైనందున, ఖాళీ లేని వాహనంలో శ్రీమతి ఉషారాణి వచ్చుటకు అవకాశం లేదు. వేలిముద్ర యంత్రదోషంగా పరిగణించడమైనది. ఆమె ఆ రోజు రాలేదు. కాంట్రాక్టు ముగిసినది.'

ఆమెను పిలిపించి కాగితం ముందు పెట్టాను. నాకు తలెత్తి చూడబుద్ధి కాలేదు. చదివి కాగితాన్ని నా వైపు తిప్పి పెట్టింది.

"నేను మీ కండ్ల ముందే వచ్చిన గద సారూ. మీరు సప్పట్లు గూడ కొట్టిన్రు."

"అవ్ తల్లీ, కొట్టిన. చప్పట్లకు కాలమ్ లేదు."

ఆమె సంతకం పెట్టకుండానే వెళ్లిపోయింది. రిజిస్టరులో ఆ గడి ఖాళీగా ఉండకూడదు కాబట్టి, 'ఉద్యోగి రానందున తపాలాలో పంపడమైనది' అని రాశాను.