ఆర్థిక సన్నద్ధతలో మొదటి బహుమతి

మా ఊరి పటాలం ఆర్థికంగా నూటికి నూరు శాతం సన్నద్ధమై ఉన్నదని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఈ సంగతిని ధ్రువీకరిస్తూ పైకార్యాలయం పంపిన పత్రానికి అద్దం కట్టించి పటాలం గేటు దగ్గర వేలాడదీశారు. పటాలంతో నీకేం సంబంధమని మీరు అడగవచ్చు. మా మేడమీద వాటాలో ఒక సిపాయి కుటుంబం అద్దెకుంటోంది. అంటే దేశరక్షణలో ఒక అంతస్తు నాది.

సిపాయి ఏడాదిలో పది నెలలు సరిహద్దులోనే ఉంటాడు. ఇంట్లో ఉండేది అతని భార్య, తల్లి. ఆ కోడలు నన్ను బాబాయిగారూ అని పిలుస్తుంది. నేనూ ఆమెను పరాయిదానిలా చూడను. అందుకే అద్దె ఒకటో తేదీ దాటనివ్వను. పెద్దావిడకు కళ్లలో ఒత్తిడి పెరిగి చూపు తగ్గుతోంది. పోయిన చూపు ఎలాగూ రాదనీ, ఉన్నది నిలవాలంటే త్వరగా ఆపరేషన్ చేయాలనీ డాక్టరు చెప్పాడు. పటాలం ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు గానీ, నిబంధనల ప్రకారం సిపాయి కుటుంబమంటే భార్యాపిల్లలే. తల్లి అతనికి ఏమవుతుందో నిబంధనల్లో ఎక్కడా రాయలేదు. కోడలు రెండేళ్లపాటు నెలనెలా ఇంతో అంతో మిగిల్చి, బయట ఆసుపత్రికి సరిపడా డబ్బు కూడబెట్టింది. తేదీ కూడా ఖాయమైంది. ఆ తేదీ తప్పితే మళ్లీ వరస ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు.

ఇలా ఉండగా పటాలంలో ఆర్థిక సన్నద్ధతా వారోత్సవాలు జరిగాయి. సరిహద్దుకు బయలుదేరబోయే ఎనిమిది వందల మందిని ఎండలో నిలబెట్టి, పట్నం నుంచి వచ్చిన ఆర్థిక సలహాదారుగారు గొడుగు కింద నిలబడి రెండు గంటలు ఉపన్యసించారు. హోటళ్లలో కాఫీలు తగ్గించుకోమన్నారు. విదేశీ విహారయాత్రలు వాయిదా వేసుకోమన్నారు. మూడు నెలలు జీతం రాకపోయినా ఇల్లు గడిచేంత నిల్వ ప్రతి సైనికుడికీ ఉండి తీరాలన్నారు. కొండల్లో ఆరు నెలలు మంచు కరిగించుకుని తాగే మనుషులు ఇదంతా శ్రద్ధగా విన్నారు.

ఉపన్యాసం ముగిశాక కల్నల్‌గారు ముందుకు వచ్చి, ఆ మూడు నెలల నిల్వ లేనివాళ్లు ఒక అడుగు ముందుకు వేయాలని గట్టిగా ఆజ్ఞాపించారు.

సైన్యం సంగతి తెలియనివారి కోసం ఒక్క మాట. వరసలో నిలబడ్డవాడు కదలకూడదన్నది సిపాయి మొట్టమొదట నేర్చుకునే పాఠం. కష్టమేమైనా ఉందా అని అధికారి అడిగితే లేదని అరవడం రెండో పాఠం. అడుగు ముందుకు వేసినవాడు మరుగుదొడ్లు కడుగుతాడన్నది ఎవరూ నేర్పకుండానే వచ్చే మూడో పాఠం. కాబట్టి ఎనిమిది వందల మందిలో ఒక్కడూ కదల్లేదు. మూడో వరసలో ఒకడి ముక్కు మీద ఈగ వాలితే, అతడు దాన్ని కూడా తోలుకోలేదట. గుమాస్తా ఎనిమిది వందలకు ఎనిమిది వందలు అని రాసుకున్నాడు. కల్నల్‌గారి కళ్లు చెమర్చాయి. మర్నాడే పటాలం రైలెక్కింది.

సరిగ్గా అప్పుడే జీతాల కార్యాలయంలో కొత్త యంత్రాలు దిగాయి. పాత లెక్కలను వాటిలోకి ఎక్కించడానికి మూడు నెలలు పడుతుంది. అందాకా ఏదో ఒక పటాలానికి జీతాలు ఆపక తప్పదు. ఏ పటాలానికి ఆపాలి? అధికారులు మనసున్నవాళ్లు. ఎవరి కడుపూ కొట్టడం ఇష్టంలేక జాబితాలన్నీ తిరగేశారు. మన పటాలం దొరికింది. వెంటనే ఉత్తరం వచ్చింది. “తమ అపూర్వ సన్నద్ధతను దృష్టిలో ఉంచుకొని తమ జీతములు మూడు మాసములపాటు నిలుపుదల చేయడమైనది. దీనిని శిక్షగా గాక గుర్తింపుగా భావించగలరు.”

మా మేడమీది కోడలు ఆ గుర్తింపును భరించలేక జీతాల కార్యాలయానికి వెళ్లింది. నాలుగు కిటికీలు తిరిగాక ఐదో కిటికీలోని గుమాస్తా రిజిస్టరు తీసి చూపించాడు. అక్కడ జరిగిన మాటలు ఆమే నాకు చెప్పింది.

“మీ ఆయనకు ఇబ్బంది ఉంటే ఆ రోజే అడుగు ముందుకు వేసేవాడు కదమ్మా.”

“తెలియక ఊరుకున్నారండీ. ఇప్పుడు వేయమంటే వేస్తారు.”

“ఇప్పుడు సరిహద్దులో ఉన్నాడు. అక్కడ అడుగు ముందుకు వేస్తే యుద్ధం వస్తుంది.”

దేశ క్షేమం దృష్ట్యా ఆమె తిరిగి వచ్చేసింది.

మా వీధి చివరి కిరాణా కొట్టులో సైనికులకు వందనం అని ఎర్రరంగుతో పెద్ద బోర్డు ఉంది. దాని పక్కనే అప్పు రేపు అని చిన్న బోర్డు ఉంది. కోడలు రెండూ చదువుకుని ఇంటికొచ్చి, ఆపరేషన్ డబ్బు మూట విప్పింది. పాలు మానేసింది. పగలు పక్కవీధి దర్జీకి కాజాలు కుట్టిపెట్టింది. కూరగాయల బజారుకు సంత ముగిసే వేళకు వెళ్లి వడలిపోయినవి ఏరుకొచ్చేది. ఎంత ఒడుపుగా నెట్టుకొచ్చినా రెండో నెలాఖరుకు ఆమె చేతిలో మిగిలింది ఒక్కదానికే సరిపోతుంది. అయితే ఆపరేషన్‌కు, లేకపోతే నా అద్దెకు. అద్దె ఒకటో తేదీన. ఆపరేషన్ ఐదో తేదీన.

పటాలం ఈ ప్రతిభను గమనించకపోలేదు. జీతం లేకుండా రెండు నెలలు చెక్కుచెదరకుండా నిలిచిన ఆదర్శ కుటుంబంగా ఆమె ఇంటిని ఎంపిక చేసి, నెలాఖరున సన్మానసభ పెట్టారు. సరిహద్దు నుంచి పనిమీద వచ్చిన కల్నల్‌గారే అధ్యక్షత వహించారు. ఇంటి యజమానిగా నాకు ముందు వరసలో కుర్చీ వేశారు. జీతం మనిషిని సోమరిని చేస్తుందనీ, ఈ సోదరి జీతం అవసరం లేని సైన్యానికి పునాది వేసిందనీ కల్నల్‌గారు అన్నారు. మొదటి బహుమతిగా వెండిరంగు పూసిన డబ్బుల డిబ్బీ ఒకటి ఇచ్చారు. ఇంటికొచ్చాక ఊపి చూశాను, ఖాళీదే. తర్వాత ఆమెను మాట్లాడమన్నారు. ఆమె మైకు దగ్గరికి వచ్చి ఒక్క మాటే చెప్పింది.

“మా జీతం మాకు ఇప్పించండి సార్. మా అత్తయ్య కళ్లు పోతున్నాయి.”

సభ కదిలిపోయింది. రుమాళ్లు బయటికొచ్చాయి. అందరం లేచి నిలబడి రెండు నిమిషాలు ఆగకుండా చప్పట్లు కొట్టాం. నా అరచేతులు వాచాయి. సభా కార్యక్రమ నివేదికలో ఆమె వినయపూర్వకంగా ప్రసంగించినట్లు రాసుకున్నారు.

మర్నాడు ఒకటో తేదీ. పొద్దున్నే ఆమె కిందికి దిగి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“బాబాయిగారూ, ఈ ఒక్క నెల అద్దెకు ఆగుతారా? ఐదో తేదీన అత్తయ్యకు ఆపరేషన్. జీతం రాగానే రెండు నెలలదీ కలిపి ఇచ్చేస్తాను.”

నాకు మనసు చివుక్కుమంది. నిన్న మొదటి బహుమతి అందుకున్న కుటుంబాన్ని ఇవాళ అద్దె కట్టలేని కుటుంబంగా చూడటం వాళ్లకు ఎంత అవమానం! ఆ మాటే నచ్చజెప్పాను.

“నిన్న లేచి నిలబడి చప్పట్లు కొట్టారు కదండీ.”

“దానికేం వెనకాడనమ్మా. కావాలంటే ఇప్పుడూ కొడతాను” అన్నాను.

ఆమె మేడ మీదికి వెళ్లి డబ్బు తెచ్చింది. రెండుసార్లు లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, రసీదు తీసుకుని వెళ్లిపోయింది. ఐదో తేదీ వచ్చింది, పోయింది. నాలుగో నెలలో పాత బాకీతో సహా జీతం పైసలతో లెక్కగా అందింది. ప్రభుత్వం ఎవరి సొమ్మూ ఉంచుకోదు. ఆసుపత్రిలో వరస మాత్రం ఏడు నెలల తర్వాత వచ్చింది. ఇక చేసేదేమీ లేదని డాక్టరు పరీక్ష రుసుము కూడా తీసుకోలేదట. లోకంలో మంచివాళ్లు ఇంకా ఉన్నారు.

ఇప్పుడు పెద్దావిడ మెట్ల పైన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఎవరి అడుగుల చప్పుడు విన్నా “వచ్చావా నాయనా” అంటూ లేచి చేతులు చాస్తుంది. ఆ మధ్య ఒకటో తేదీన అద్దెకోసం వెళితే, కొడుకే అనుకుని నా ముఖమంతా తడిమింది. చాలా ఇబ్బంది పడ్డాను. ఆ రోజు అద్దె అడగడానికి నోరు రాక, సాయంత్రం మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

అప్పటినుంచి చెప్పులు కిందే విడిచి, చప్పుడు చేయకుండా మెట్లెక్కి, అద్దె తీసుకుని అలాగే దిగి వస్తున్నాను. సైనిక కుటుంబాల మనసు నొప్పించకూడదు. మీకూ మేడమీద ఒక వాటా ఉంటే, ఆ మాత్రం మర్యాద మీరూ పాటిస్తారని నాకు గట్టి నమ్మకం.