చల్లటి సౌనా, పొగలు కక్కే రంపం

శనివారం పొద్దున కాఫీ తాగుతూ యుర్కి తన పథకం చెప్పాడు.

"దుంగలు కోస్తా, చీలుస్తా, సౌనా పొయ్యి వెలిగిస్తా. సాయంత్రం మీ నాన్న వచ్చేసరికి లోపల రాళ్ళు భగభగలాడుతుంటాయి."

"రంపం స్టార్ట్ కాకపోతే?" అంది అతని భార్య సాతు.

"రోజూ డ్రిల్లు పట్టే చెయ్యి ఇది! రంపం ఓ లెక్కా?"

యుర్కి హెల్సింకిలో దంతవైద్యుడు. మామగారు తౌనో ఈ సరస్సు ఒడ్డునే పుట్టి పెరిగిన మనిషి. అదే ఒడ్డున ఉన్న ఈ వేసవి కుటీరాన్ని కూతురికీ అల్లుడికీ ఇవ్వడానికి ఆయన ఒకే షరతు పెట్టాడు. తన సాయం లేకుండా అల్లుడు సౌనాను, అంటే రాళ్ళు కాల్చి ఆవిరి పట్టే స్నానపు గదిని, వేడి చేసి చూపించాలి. చేతకాకపోతే కుటీరం అమ్మేస్తాడు. సాతు ఈత నేర్చుకున్నది ఆ ఒడ్డునే.

సౌనా పక్క కొట్టంలో, శీతాకాలమంతా నిద్రపోయిన మోటారు రంపం యుర్కి చేతికి వచ్చింది. చోక్ లాగాడు. తాడు లాగాడు. దగ్గింది. మళ్ళీ లాగాడు. దగ్గు కూడా ఆగిపోయింది. గుప్పున పెట్రోలు వాసన!

"ఇంజన్ నిండా పెట్రోలు పోశావు. నాన్నకి ఫోన్ చెయ్యనా?"

"చేస్తే కుటీరం గోవిందా!"

అతను స్పార్క్ ప్లగ్ ఊడదీసి తుడిచాడు. గాలి ఫిల్టర్ కడిగి, బట్టల తీగ మీద సాతు మేజోళ్ళ పక్కన ఆరేశాడు. పాత పెట్రోలు పారబోసి, కొత్తదాంట్లో ఆయిల్ కలిపి పోశాడు. అన్నీ బిగించి తాడు లాగాడు.

రంపం గర్జించింది! యుర్కి కూడా గర్జించాడు.

ఆ సంతోషం దుంగ దాకానే. కర్రలో రంపం దిగలేదు. అతను గట్టిగా నొక్కాడు. దిగలేదు, కర్ర నల్లబడింది. ఇంకా గట్టిగా నొక్కాడు. దట్టమైన పొగ లేచి సౌనా కప్పు దాటి ఆకాశానికెక్కింది.

అసలు ప్రమాదం అక్కడే మొదలైంది. ఆ సరస్సు మీద ఎవరూ ఎవరినీ ఫోన్ చేసి పిలవరు. వేసవిలో మొదటి సౌనా పొగ ఎవరి ఒడ్డున లేస్తే, మిగతావాళ్ళు తువ్వాళ్ళు తీసుకుని అక్కడికి బయల్దేరతారు.

మొదటి పడవలో పెంత్తి, అతని భార్య ఐలా దిగారు. ఇద్దరూ స్నానపు కోట్లలోనే ఉన్నారు. ఆమె చేతిలో ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బిర్చ్ రెమ్మల కట్ట, అతని చేతిలో సాసేజీల సంచి.

"ఇంత పెందలాడే వెలిగించావా డాక్టరూ! భేష్!" అన్నాడు పెంత్తి.

లేదని చెప్పడానికి యుర్కికి నోరు రాలేదు. "ఇంకా... కాస్త వేడెక్కాలి," అన్నాడు. అబద్ధమూ కాదు.

పెంత్తి కన్ను రంపం మీద పడింది. "మొద్దుబారింది. అంతే!" అంటూ కోటు జేబులోంచి ఆకురాయి తీశాడు. స్నానానికి ఆకురాయి ఎందుకు తెచ్చావని ఐలా కూడా అడగలేదు. గొలుసులో ప్రతి పన్నూ ముద్దుగా పదును పెట్టి, యుర్కి చేతికిచ్చాడు.

ఈసారి పొగ రెట్టింపయింది. ఇంకో రెండు పడవలు వచ్చాయి.

"గొలుసుకి ఆయిల్ అందట్లేదు," అన్నాడొకడు. ఆయిల్ పోశారు. పొగ చిక్కబడింది.

"నువ్వు నొక్కడం చాలట్లేదయ్యా," అన్నాడు ఇంకొకడు. అందరూ వంతులవారీగా నొక్కారు. పొగ సరస్సు అవతలి గట్టుదాకా పాకింది. ఇంకా పడవలు! తువ్వాళ్ళు చుట్టుకున్న జనం చల్లగాలికి వణుకుతూ, మర్యాద కొద్దీ, సౌనా ఎప్పుడని అడగకుండా నిలబడ్డారు.

చివరి పడవలోంచి తౌనో దిగాడు.

"ఆ పొగ చూశాక ఇంట్లో కాలు నిలవలేదు. శభాష్ అల్లుడూ!" అంటూ ఆయన సౌనా తలుపు తీశాడు. లోపలి చలి ఆయన మీసాలకు తగిలింది.

తలుపు మెల్లగా మూసి, తౌనో రంపం దగ్గరికి నడిచాడు. ఒక్క చూపు చూశాడు.

"గొలుసు తిరగేసి ఎక్కించారు! పళ్ళన్నీ వెనక్కి చూస్తున్నాయి. పళ్ళ డాక్టరువి, ఆ మాత్రం కనపడలేదా? ఇలా ఎక్కించినవాడికి కుటీరం కాదు కదా, కుక్కగూడు కూడా ఇవ్వకూడదు! మీరందరూ సాక్ష్యం!"

యుర్కి తల దించుకున్నాడు. సాతు మాత్రం ముందుకొచ్చింది.

"నాన్నా, ఈయన ప్లగ్ తీశాడు, ఫిల్టర్ తీశాడు. గొలుసు ముట్టుకోలేదు. పోయిన ఏడాది చివర్లో కొత్త గొలుసు ఎక్కించి, ఎవరూ చెయ్యి పెట్టొద్దని కేకలేసి రంపం దాచిందెవరు?"

సాక్షులందరూ ఒక్కసారిగా సరస్సు వైపు తిరిగారు. అక్కడ ఏదో చూడాల్సింది ఉన్నట్టు పెంత్తి కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

తౌనో చాలాసేపు తన రంపాన్ని చూశాడు. తర్వాత జేబులోంచి కుటీరం తాళంచెవి తీసి అల్లుడి చేతిలో పెట్టాడు.

"మాటంటే మాటే. గొలుసు తిరగేసి ఎక్కించినవాడి చేతిలో కుటీరం ఉండకూడదు."

గొలుసు సరిగ్గా తిప్పి ఎక్కించారు. పెంత్తి పెట్టిన పదునుకి దుంగలు వెన్నలా తెగాయి. పడవలవాళ్ళందరూ గొడ్డళ్ళు అందుకున్నారు. సూర్యుడు వాలేసరికి రాళ్ళు కాగాయి, సాసేజీలు చిటపటలాడాయి, సాతు నవ్వు ఆగలేదు. అందరికన్నా ఎత్తున, వేడి మండిపోయే బల్ల మీద, కొత్త యజమాని హోదాలో యుర్కి కూర్చున్నాడు.

సౌనాలో వేడి చాలలేదని ఫిర్యాదు చేసింది తౌనో ఒక్కడే; ఆయన కూర్చున్నది అన్నిటికన్నా కింది బల్ల మీద, తలుపు పక్కన.