ఒకే కప్పు కింద ఏడాది ఎడబాటు

మొగుణ్ణి బాగుచెయ్యాలంటే విడాకుల చట్టాన్ని మించిన మందు లేదు! నవ్వకండి. ఆస్ట్రేలియాలోని బండబర్గ్‌ ఊళ్లో నోరీన్ సంసారం చూసినవాళ్లెవరూ ఈ మాట కాదనరు.

పెళ్లయి ముప్పై ఒక్క ఏళ్లు. భర్త క్లైవ్ తాగుబోతు కాడు, తిరుగుబోతు కాడు, పెళ్లాం మీద చెయ్యెత్తిన పాపాన పోలేదు. అయినా ఓ ఆదివారం భోజనం వడ్డిస్తూ నోరీన్, "నాకు విడాకులు కావాలి" అంది.

"నేనేం చేశాను?" క్లైవ్ బిత్తరపోయాడు.

"ఏమీ చెయ్యలేదు."

ఏమీ చెయ్యకపోయినా పరవాలేదట! ఎంత ఉదారమైన చట్టం! పొసగడం లేదని పన్నెండు నెలలు విడిగా ఉండి చూపిస్తే చాలు. ఒకే ఇంట్లోనైనా సరే. కానీ పడక వేరు, వంట వేరు, ఉతుకు వేరు. దానికి బయటివాళ్ల సాక్ష్యం కావాలి.

క్లైవ్ వెనకగదిలోకి మారాడు. మొదటివారం గుడ్లు ఉడకబెడుతూ గిన్నె మాడ్చాడు. ఎర్ర తువ్వాలుతో కలిపి ఉతికితే తెల్లచొక్కాలన్నీ గులాబీరంగుకి తిరిగాయి.

"ఏం క్లైవ్, మళ్లీ పెళ్లికొడుకువయ్యావా?" అంది పక్కింటి విల్మా కంచె మీదినుంచి.

నాలుగో నెలకి గుమ్మడికాయ సూప్ కాచాడు. ఆరో నెలకి బాత్రూమ్ తోమాడు. తలుపు తట్టి "లోపలికి రావచ్చా?" అని అడగడం నేర్చుకున్నాడు. నోరీన్ మాట్లాడుతుంటే టీవీ కట్టేశాడు! ఏ చర్చి ఫాదరు, ఏ కౌన్సెలర్ సాధించారండీ ఇంతటి మార్పు? పెళ్లైన మర్నాడే ఈ ఎడబాటు కంపల్సరీ చేస్తే పోలా?

ఏడాది నిండింది. సాక్ష్యం చెప్పాల్సిన విల్మాకే మనసొప్పలేదు. "బంగారంలాంటి మనిషయ్యాడే. వదులుకుంటావా?"

క్లైవ్ తను కాల్చిన స్కోన్లనే చిన్న బన్నులు, జామ్ ఇద్దరి ముందూ పెట్టాడు. "నోరీన్, ఇప్పుడు నాకన్నీ వచ్చు. ఇంకా ఈ కాగితాలెందుకు?"

నోరీన్ ఒకటి తుంచి నోట్లో వేసుకుంది. దూదిలా ఉంది. తను చేసేవాటికన్నా బాగుంది. ఆమె కళ్లు నిండాయి. కరిగిందనుకుంది విల్మా.

"ఇవి నేర్చుకోడానికి ఎంతకాలం పట్టింది?" అడిగింది నోరీన్.

"ఎంతకాలమేంటి? ఒక్క మధ్యాహ్నం!" అన్నాడు క్లైవ్ గర్వంగా.

"ముప్పై ఒక్క ఏళ్లు నీకు చేతకాదనుకున్నాను, క్లైవ్. పాపం అని కోపం కూడా తెచ్చుకోలేదు."

చేతులు దులుపుకుని కారు తాళాలు తీసుకుంది.

"లేవవే విల్మా. సంతకాలు పెట్టించే ఆఫీసు నాలుగింటికే మూసేస్తారు."