తాజు మామ్మగారి రెండో సీసా

జపాన్‌లో మా సాకాయ్ ఊళ్ళో కురమోచి హోల్‌సేల్ వారికి ఉన్న కీర్తి ఒక్కటే: అడిగిన సరుకు లేదన్న మాట వారి నోట రాదు. అలా అనాల్సి వచ్చిన ఉద్యోగి కోసం ఆఫీసు రెండో అంతస్తులో కిటికీ పక్కన ఓ కుర్చీ వేసి ఉంచారు. అక్కడ ఎండ హాయిగా తగులుతుంది, రేవులో ఓడలు కనిపిస్తాయి, బల్ల మీద ఒక్క కాగితం ఉండదు, ఎవరూ పలకరించరు. ఉద్యోగంలోంచి తీసెయ్యడం మా దగ్గర మర్యాద కాదు. కొనుగోళ్ళ విభాగానికి లోగడ పెద్దగా ఉన్నాయన ఓ కొత్త సంవత్సరం ముందు సోయా సాసు అందించలేకపోయాడు. నల్ల సూటు తొడుక్కుని, మిఠాయి పెట్టె పట్టుకుని, కొట్టుకొట్టుకీ తిరిగి నడుం వంచి క్షమాపణలు చెప్పుకొచ్చాడు. ఆనక ఆ కుర్చీలో కూర్చుని రిటైరయ్యేదాకా ఓడలు చూశాడు.

ఇప్పుడు ఆ విభాగానికి పెద్ద ఇవబుచి. ఆయన రోజూ పొద్దున్నే ఆ ఖాళీ కుర్చీని ఓసారి చూసుకుని పనిలోకి దిగేవాడు. భార్య దగ్గరా కూతురి దగ్గరా తల ఎత్తుకోడానికి ఆయనకి మిగిలింది ఆ పదవొక్కటే.

ఇలా ఉండగా, ఓ వసంతకాలపు ఉదయం ఓగిసో కిరాణా కొట్లో తాజు మామ్మగారు ఉమెబోషి సీసాలు రెండు కొన్నారు. ఉప్పులో ఊరి, ఎండలో ముడుచుకుని, చూస్తేనే దవడలు లాగేసే ఆ ఉమె పళ్ళ సీసా ఆవిడకి నెలకొకటి చాలు. అలాంటిది ఒకే పూట రెండు. కొట్టు యజమాని ఓగిసో కళ్ళారా చూసి, గిరాకీ రెట్టింపయిందని తేల్చేశాడు. ఎందుకు కొన్నారని మాత్రం అడగలేదు. కొనేవాళ్ళని ఎందుకని అడగడం మా ఊళ్ళో తప్పు. ఆర్డరు కాగితంలో పెట్టె అడిగే చోట రెండు పెట్టెలు రాసి, ముందుజాగ్రత్తకి ఇంకోటి కలిపాడు.

ఆ కాగితం కురమోచి వారి ఆఫీసుకి చేరింది. మా ఆఫీసుల్లో కింది ఉద్యోగి వేసే ముద్ర పై అధికారి ముద్ర వైపు కాస్త ఒరిగి ఉండాలి, దణ్ణం పెడుతున్నట్టు. గుమాస్తా పది పెట్టెలు కలిపి ఒరిగాడు. సూపర్వైజరు ఇరవై కలిపి ఇంకాస్త ఒరిగాడు. ఇవబుచి వంద కలిపాడు. పైన అధ్యక్షుల వారి ముద్ర పడాలి గనక ఆయనది దాదాపు పడుకుంది.

ఇవబుచికి అనుమానం రాలేదని కాదు. వచ్చింది. పాపం, ఫోన్ కూడా తీశాడు.

"ఓగిసో గారూ, నేను ఇవబుచిని."

"ఏంటండీ, పెద్దవాళ్ళు ఫోన్ చేశారు? కొట్టు కొనేద్దామనా?"

"అబ్బే. అదే... ఉమెబోషి సంగతి..."

"ఆఁ? ఆలస్యమవుతుందా ఏంటి?"

ఇవబుచి ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. నిజంగా అంత అమ్ముడవుతోందా అని అడిగితే, మీ మాట మీద నాకు నమ్మకం లేదన్నట్టే కదా. "ఆలస్యమా, ఎంత మాట. చెర్రీపూలు ఈసారి తొందరగా రాలిపోయాయి కదండీ," అన్నాడు. రాలిపోయాయని ఓగిసో ఒప్పుకున్నాడు. ఇవబుచి ఫోనుకే నడుం వంచి నమస్కరించి, ఇంకో వంద పెట్టెలు కలిపాడు.

ఉమెబోషి మరమేకు కాదు, మిషను తిప్పగానే రాలడానికి. పండు చెట్టున పండాలి, వేసవిలో ఎండాలి, తొట్టిలో ఊరాలి. ఇవాళ అడిగింది చేతికి రావాలంటే ఏడాది పడుతుంది. అందుకని ఊరగాయ కార్ఖానా వారు, ఎవరు ఎంత అడిగితే అందులో సగమే ఇస్తామని ప్రకటించారు. ఇవబుచి తెలివైనవాడు, వెంటనే రెట్టింపు అడిగాడు. దేశంలో తక్కిన హోల్‌సేల్ వాళ్ళూ అంతే తెలివైనవాళ్ళు. ఆ ఆర్డర్ల గుట్ట చూసి కార్ఖానా వారు వకయామా కొండల్లో నారింజ తోటలు కొట్టించి ఉమె మొక్కలు నాటించారు. అవి కాపుకొచ్చేసరికి ఎవరు ఉంటారో ఎవరు పోతారో.

ఈలోగా సరుకు సరిగ్గా రాక కొట్లో ఉమెబోషి అర ఖాళీ అయింది. ఓగిసో "మనిషికి ఒక్కటే" అని బోర్డు కట్టాడు. అంతే, ఉమెబోషి పొడ గిట్టనివాళ్ళు కూడా వచ్చి లైను కట్టారు. ఒకటే ఇస్తారట అంటే అందులో ఏదో ఉండే ఉంటుంది మరి.

మరుసటేడు లారీలు రానే వచ్చాయి. అప్పటికి ఇంటింటా అలమరలు నిండిపోయాయి. "ఒక్క సీసా కూడా పంపకండి మహాప్రభో," అని ఓగిసో ఆర్డరు రద్దు చేసి, అరలోంచి ఉమెబోషి ఎత్తేసి బిస్కెట్లు పెట్టాడు. కురమోచి వారి గోడౌను నిండింది, తరవాత మెట్లు నిండాయి, చివరికి పెట్టెలు ఆఫీసులోకి వచ్చి కూర్చున్నాయి.

పొద్దుటి సమావేశంలో కురమోచి అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "మిత్రులారా, మన చరిత్రలో ఇది సువర్ణ దినం. సరుకు లేదని మనం ఎవరినీ వెనక్కి పంపలేదు. వెనక్కి పంపడానికి అసలు ఎవరూ రాకపోవడం మన తప్పు కాదు." అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఏడు బోనస్‌లో కొంత సీసాల రూపంలో అందింది. మధ్యాహ్నం అన్నం మధ్యన ఒక పండు పెట్టుకోవడం ఆచారం. దాన్ని మూడు చేస్తూ ఉత్తర్వులొచ్చాయి. కంపెనీ డాక్టరు రక్తపోటు చూసి చూసి సెలవు పెట్టాడు.

ఇంత వైభవానికి ఎవరో ఒకరు బాధ్యులు కావాలి. ఇవబుచిని కిటికీ పక్కకి మార్చారు. అయితే పెట్టెలు కిటికీని ఎప్పుడో కప్పేశాయి. ఎండా లేదు, ఓడలూ లేవు, మోకాళ్ళకి ఉమెబోషి తగులుతూ ఉండేది. ఆయన పదవిలోకి నుకుయి అనే కుర్రాధికారి వచ్చాడు. పొద్దున్నే ఇవబుచి వంక ఓసారి చూసుకుని పనిలోకి దిగేవాడు.

ఓ మధ్యాహ్నం కాళ్ళు సాగదీసుకుందామని బయల్దేరిన ఇవబుచికి ఓగిసో కొట్లో పోట్లాట వినిపించింది.

"నా ఉమెబోషి ఏదయ్యా?" అంటోంది తాజు మామ్మ.

"తీసేశాం మామ్మగారూ. ఎవరూ కొనట్లేదు."

"నేను మనిషిని కానా?"

"అప్పుడు ఒకే పూట రెండు పట్టుకెళ్ళారుగా. ఊళ్ళో గిరాకీ మొదలెట్టిందే మీరు."

"రెండేంటి నీ మొహం. ఒకటి ట్రాము ఎక్కుతుంటే చేజారి పగిలింది. మళ్ళీ వెనక్కొచ్చి ఇంకోటి కొనుక్కున్నా. అడిగితే చెప్పనా?"

ఇవబుచికి అప్పుడు అర్థమైంది. ట్రాము మెట్టు మీద పగిలింది సీసా కాదు, తన బతుకు. కిటికీ పక్కవాళ్ళు సమావేశాల్లో నోరు విప్పకూడదు. అయినా మర్నాడు లేచి నిలబడ్డాడు.

"గిరాకీ ఏనాడూ పెరగలేదండీ. ఓ మామ్మగారి చేతిలోంచి సీసా జారి పగిలింది. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

అధ్యక్షుల వారి కళ్ళు చెమర్చాయి. "శభాష్ ఇవబుచీ. సీసాలు పగులుతున్నాయన్నమాట. ఈ సంగతి ఇన్నాళ్ళూ మన లెక్కలోకే రాలేదు. ఊళ్ళో ముసలివాళ్ళు తక్కువమందా? నుకుయీ, పగిలేవాటికని ఎంత కలుపుదాం?"

"గోడౌనులో ఉన్నవే చాలా ఉన్నాయి కదండీ," అన్నాడు ఇవబుచి.

"అవి గడువులో మూడోవంతు దాటాయండీ. కొట్లవాళ్ళు ముట్టుకోరు," అన్నాడు నుకుయి. గడువులో మొదటి మూడోవంతులోపే సరుకు కొట్టుకి చేరాలి, అది మా వ్యాపారంలో నియమం. వందేళ్ళు నిలవుండే పండుకైనా మినహాయింపు లేదు. నుకుయి కిటికీ వైపు ఓసారి చూసి, కొత్త సరుకు మరో సగం కలిపాడు. ముద్రలన్నీ భక్తిగా ఒరిగాయి.

కొత్త సరుకు రావడానికి ఏడాది పడుతుంది గనక, మామ్మగారి పోరు పడలేక ఓగిసో ఎక్కడో దొరికిన కాసిని సీసాలు తెచ్చి, పాత "మనిషికి ఒక్కటే" బోర్డు దులిపి కట్టాడు. సాయంత్రం అటుగా వచ్చిన ఇవబుచి కొట్టు ముందు మళ్ళీ కట్టిన లైను చూసి నవ్వుకున్నాడు. నాలుగడుగులు ముందుకి వేశాడు. ఆగాడు. వెనక్కొచ్చి చివర నిలబడి, భార్యకి ఫోన్ చేశాడు: "నువ్వూ రా. నేనెవరో తెలియనట్టు కాస్త ఎడంగా నిలబడు."

వాళ్ళింట్లో ఉమెబోషి ఎవరూ తినరు. ఆయన వెనక నేను నిలబడ్డాను. నా వెనక ఇంకా చోటుంది, త్వరగా రండి.