మూడు రంధ్రాలకు పద్నాలుగు గురువారాలు

జనవరి రెండో గురువారం, సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలు. ఉష్ణోగ్రత ఫారెన్‌హీట్ మానంలో నాలుగు డిగ్రీలు. మిషిగన్ సరస్సు మీది నుంచి గంటకు ఇరవై రెండు మైళ్ళ వేగంతో గాలి. మంచు పడటం ఆగి పదకొండు నిమిషాలయింది. ఆ సమయానికి మిల్వాకీ దక్షిణ భాగంలోని మా ఎనిమిది వరసల బౌలింగ్ శాలలోకి ఆర్వల్ జిలిన్‌స్కీ ఒక అట్టపెట్టె మోసుకుంటూ వచ్చాడు. పెట్టెలో పద్నాలుగు పౌన్ల కొత్త బంతి ఉంది. దానికి ఇంకా రంధ్రాలు లేవు.

ఏప్రిల్ దాకా లేవు. అది అతని అదృష్టమని నిరూపించడమే ఈ వ్యాస లక్ష్యం.

పాఠకులు తొందరపడి నవ్వవద్దు. బొటనవేలికి ఒకటి, తక్కిన రెండు వేళ్ళకు రెండు రంధ్రాలు తొలిపించుకుని, ఆ పూటే ఆడేసి, చేపల వేపుడు తిని ఇళ్ళకు పోయేవారు మన పూర్వులు. ఎంత అనాగరికం! ఈనాటి బంతి కడుపులో వంకర గుండు ఒకటుంటుంది. ఆ గుండు తల ఎటు ఉందో చెప్పడానికి బంతి పైన రంగు చుక్క ఉంటుంది. ఆ చుక్క ఉంగరపు వేలికి పైన ఉండాలా, కింద ఉండాలా? బంతి తిరిగే ఇరుసు బిందువుకు నాలుగు అంగుళాల దూరమా, నాలుగుంబావా? ఈ అమరికనే లేఅవుట్ అంటారు. దాన్ని బట్టి బంతి ఎక్కడ ఒంపు తిరుగుతుందో తేలుతుంది. ఎంచుకోవడానికి ఇన్ని ఉన్నప్పుడు, ఏదీ ఎంచుకోకుండా ఉండటం కన్నా వివేకం ఏముంది?

ఆర్వల్‌కు అప్పటికి అరవై తొమ్మిదేళ్ళు. ముప్పై ఎనిమిదేళ్ళు ఇనుప పోతపని కార్ఖానాలో అచ్చులు చెక్కాడు. వెంట్రుకవాసి తేడా వస్తే అచ్చు విరగ్గొట్టి మళ్ళీ మొదలుపెట్టే మనిషి. కుడి భుజం నరం తెగి పదకొండేళ్ళ కిందట ఆట మానేశాడు. ఇన్నాళ్ళకు డాక్టరు సరేనన్నాడు. అయితే మే నెలలో ఎడమ భుజానికి కోత ఉంది, ఆ తరువాత ఏమవుతుందో ఎవరూ మాట ఇవ్వలేదు. కనుక ఆర్వల్ కోరిక చిన్నది: ఏప్రిల్‌లో లీగు ముగిసేలోగా తన చేతి బంతికి పిన్నులు పడే చప్పుడు వినాలి.

రంధ్రాలు చేసే డువేన్ దుకాణం శాలలోనే, ఆటగాళ్ళకు బూట్లు అద్దెకిచ్చే బల్ల పక్కన ఉంటుంది. అతను మా జట్టులోనే ఆడతాడు కూడా.

"తిప్పుడు తక్కువ వాడికే లేఅవుట్ ముఖ్యం బాబాయ్," అన్నాడు డువేన్. "కుర్రాళ్ళు నిమిషానికి నాలుగొందల చుట్లు తిప్పుతారు. వాళ్ళకి పుచ్చకాయిచ్చినా ఒంపు తిరుగుద్ది. నీది మహా అయితే నూట అరవై. ఆ మిగతాది బంతే తిరిగి పెట్టాలి."

"అయితే తిరిగేలా చేసి పెట్టవయ్యా."

"నీ ఇరుసు బిందువు ఎక్కడుందో తెలియాలిగా."

"నువ్వే కొలిచావుగదరా, పదకొండేళ్ళ కింద!"

"అది దేవుడిచ్చిన భుజానిది. ఇది డాక్టరు కుట్టింది. కొత్త బిందువు తెలియాలంటే నువ్వు బంతి విసరాలి."

"బంతికి రంధ్రాలేవీ?"

"అదేగా మరి," అని డువేన్ కొలత టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు. శాస్త్రం ఇంత నిర్దుష్టంగా నడిచిన సందర్భం విశ్వవిద్యాలయంలో నేను పనిచేసిన మూడు దశాబ్దాలలో కూడా చూడలేదు.

ఆర్వల్ ఒప్పుకున్నాడు. కొలత పేరు చెబితే ఎదురాడలేని బతుకు అతనిది. విషయం జట్టు ముందుకు వచ్చింది. మా కెప్టెన్ బెర్నాడీన్ ముప్పై ఏళ్ళు సిటీ బస్సు నడిపింది. ఎవరు ఎక్కడ దిగాలో ఈనాటికీ ఆవిడే చెబుతుంది. మేం ఐదుగురం ప్రతి గురువారం ఆట మొదలయ్యే ముందు ఓటు వేసేవాళ్ళం. ఐదింట నాలుగు ఓట్లు "వచ్చే వారం చూద్దాం" అని పడేవి.

మూడో వారం డువేన్ పదిహేడు వీడియోలు చూసి వచ్చాడు. పదిహేడింటిలోనూ పదిహేడు కోణాలు. ఐదో వారం వరసల మీద పూసే నూనె మారిందని ఆగాం. ఏడో వారం ఒక ప్రశ్న లేచింది: చలికి వేళ్ళు కుదించుకుపోతాయి కదా, ఫిబ్రవరి వేళ్ళ కొలత ఏప్రిల్ వేళ్ళకు చెల్లుతుందా? ఆ ప్రశ్న మూడు వారాలు తిన్నది. పదకొండో వారానికి ఇంకా పుట్టని లేఅవుట్‌కు ఒక పేరు కూడా పెట్టేసింది బెర్నాడీన్. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం!

మరి లాభాలు చూడండి. ఈ వారాలన్నిటిలో ఆర్వల్ బంతి వరస పక్కనుండే గట్టర్ కాలువలో పడిందా? పడలేదు. భుజం నొప్పి చేసిందా? లేదు. జారి పడ్డాడా? అసలు అద్దె బూట్లే తొడగలేదు. బల్ల దగ్గర కూర్చుని, వేయించిన చీజు ముక్కలు తింటూ, ఖాళీ అరచేతిని మోకాలి మీద ముందుకూ వెనక్కూ ఊపేవాడు. అయినా అతని సగటు ఒక్క పిన్నైనా తగ్గలేదు.

ఇక్కడ మా లీగు నియమం ఒకటి చెప్పాలి. జట్టులో పేరుండి ఆడలేకపోయిన వాడికి, ఈ శాలలో అతని చివరి సగటు నుంచి పది పిన్నులు తీసి, ఆ స్కోరు ఆటకింతని వేస్తారు. అతను ఆ రోజు ఒక్క బంతి విసిరినా ఇది రద్దు. ఆర్వల్ చివరి సగటు పదకొండేళ్ళ కిందటిది, నూట ఎనభై నాలుగు. అంటే ఆటకు నూట డెబ్బై నాలుగు. జనవరికి ముందు ఆ ఐదో స్థానం ఖాళీ, దానికి వేసేది నూట ఇరవై. అతను పేరు రాయించిన నాడు మా జట్టు పదింట ఎనిమిదోది. పదమూడో గురువారానికి మొదటిది.

ఆ పదమూడో గురువారమే ఆర్వల్ బూట్ల బల్ల పక్కన అంటించిన స్కోర్ల కాగితం చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ చదివాడు.

"అక్కా," అన్నాడు బెర్నాడీన్‌తో, "ఈ జట్టులో నా అంత నిలకడగా ఆడేవాడు లేడేం?"

"కాగితాలు చదవటం ఎందుకయ్యా, కళ్ళు నొప్పి," అంది ఆవిడ.

పద్నాలుగో గురువారం ఫైనల్. ఆరు నలభైకి వాన, ముప్పై ఎనిమిది ఫారెన్‌హీట్ డిగ్రీలు. ఆర్వల్ అద్దె బూట్లు తొడుక్కున్నాడు. గోడవారగా అందరి కోసం ఉంచే బంతులలో పది పౌన్ల నారింజ రంగుది ఒకటి తీశాడు. రంధ్రాలు ఎవరి వేళ్ళవో తెలియదు. మొదటి ఫ్రేములో తన వంతు రాగానే గీత దగ్గర నిలబడ్డాడు.

"ఏంటయ్యా అది?" బెర్నాడీన్ లేచింది.

"ఇరుసు బిందువు వెతుకుతున్నా అక్కా. విసిరితే గాని తెలీదన్నాడుగా డువేను."

"ప్రాక్టీసు గంట అయిపోయింది. ఇప్పుడేస్తే లెక్కలో పడుద్ది."

"పడనీ."

"ప్రొఫెసరమ్మా, మీరన్నా చెప్పండి!" అంది బెర్నాడీన్ నా వైపు తిరిగి.

నేను నోరు తెరిచేలోగా బంతి వెళ్ళిపోయింది. వెళ్ళిపోయింది అనడం అతిశయోక్తి. తీరిగ్గా, ఒంపన్నది లేకుండా, సరళరేఖలో నడుచుకుంటూ పోయింది. ఏడు పిన్నులు పడ్డాయి. ఆర్వల్ వెనక్కి తిరగలేదు. చప్పుడు పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడ్డాడు.

"డువేనూ, బిందువు దొరికిందా?" అన్నాడు తరువాత.

డువేన్ టేపు తియ్యలేదు.

మూడు ఆటలలో నూట పన్నెండు, నూట ఇరవై ఏడు, నూట పంతొమ్మిది: మొత్తం మూడు వందల యాభై ఎనిమిది. గైర్హాజరై ఉంటే ఐదు వందల ఇరవై రెండు వచ్చేవి. మేం కప్పు పోగొట్టుకున్నది నూట యాభై ఒక్క పిన్నుల తేడాతో. అతను కూర్చునే ఉంటే పదమూడు పిన్నులతో గెలిచేవాళ్ళం. లెక్క నేనే రెండుసార్లు సరిచూశాను.

కనుక పాఠకులారా, లేఅవుట్ శాస్త్రం గొప్పదే. ఒక మనిషి చేతిలో బంతి పడకుండా పదమూడు వారాలు ఆపగలిగింది. బొటనవేలు కొలిచాం, కోణాలు కొలిచాం, వరస మీది నూనె కొలిచాం. ఇరుసు బిందువు కనుక్కోవడానికి రంధ్రాలున్న ఏ బంతైనా చాలునని మా నలుగురికీ మొదటి నుంచీ తెలుసు. అద్దె బూట్ల బల్లకు ఆరడుగుల దూరంలో, గోడవారగా, రంధ్రాలున్న బంతులు నలభై రెండు ఉన్నాయి. ఏడో వారం చలికి వేళ్ళు కుదించుకుపోవడాన్ని గురించి అంత చక్కగా అడిగింది నేను.

ఆరేళ్ళయింది. ఎడమ భుజం కోత బాగానే జరిగింది. ఆర్వల్ సగటు నూట ఇరవై ఆరు. మా జట్టు ఏడో స్థానంలో ఉంది. రంధ్రాలు లేని ఆ బంతి డువేన్ దుకాణం తలుపు మూసుకుపోకుండా అడ్డంగా ఉంది.